అత్త మొక్కిన బొజ్జన్న

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కృష్ణగిరి బస్టాండులో అందింది. మత్తూరులో బంధువుల ఇంటి గృహప్రవేశానికి వెళ్ళి, హోసూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను చేసింది ఆమె కొడుకు, మా బావ. "పొద్దున కాఫీ తాగి రోంత సేపు పడుకుంటాననింది. మళ్ళ లేయలేదప్పా. నువ్వు నిదానంగా రా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు రావడానికి ముందు నాకు తట్టిన మాట చెబితే మీరు నవ్వుతారేమో. పోనీలే, కాఫీ తాగి పోయింది, అనుకున్నాను. ఆ మాటే ఎందుకు తట్టిందో మీకు తెలియాలంటే ఆమె గురించి చెప్పాలి, ఆమె మొక్కిన కొండ గురించీ చెప్పాలి.

అత్త మా నాన్నకు అక్క. హోసూరు బజారులో చింతపండు, బెల్లం అమ్మే అంగడి వాళ్ళది. మామ చిన్న వయసులోనే పోతే అంగడిలో ఆమె కూర్చుంది. బావ చేతికి అందివచ్చాక కూడా అంగడిని పూర్తిగా వదల్లేదు. మా ఇల్లు, వాళ్ళ ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. నేను ఏ పూట ఎవరింట్లో తిన్నానో మా అమ్మకే గుర్తుండేది కాదు. మీలో ఎవరైనా ఆ బజారులో చింతపండు కొని ఉంటే ఆమెను చూసే ఉంటారు. ముక్కుకు రెండు వైపులా పుడకలు, భుజం మీద తుండుగుడ్డ, చింతపండు పులుపుకు ఏడాది పొడుగునా నల్లబారి ఉండే వేళ్ళు. వేసవిలో అంచెట్టి వైపు నుంచి కాయ దిగితే వసారాలో ఆడవాళ్ళతో పాటు తానూ కూర్చుని గింజ తీసేది. నేను లేచి పోతే మాటలు పెరుగుతాయి, పండులో గింజలు మిగులుతాయి అనేది.

వచ్చినవాళ్ళది ఏ భాషో గడప తొక్కకముందే ఆమెకు తెలిసిపోయేది. తమిళం వాళ్ళతో తమిళం, కన్నడం వాళ్ళతో కన్నడం, మార్వాడీ సేటుతో ఆమెకే సొంతమైన ఒక హిందీ. దేవుడితో మాత్రం తెలుగే. శ్లోకాలు, స్తోత్రాలు ఆమెకు రావు. దీపం వెలిగించి, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. నిన్న చెప్పింది ఏం చేశావని నిలదీసేది, జరిగిపోయిందానికి మెచ్చుకునేది. చిన్నప్పుడు ఆ మాటలు విని, దేవుడి గదిలో నిజంగా ఎవరో కూర్చుని ఉన్నారని నేను తలుపు సందులోంచి తొంగిచూసేవాణ్ణి.

దేవుళ్ళ విషయంలో ఆమెకు ఇంకో పట్టింపు ఉండేది. పెద్ద పెద్ద క్షేత్రాలకు పోయి వచ్చిన ప్రతిసారీ అక్కడి స్వామి మీద జాలిపడేది. అంతమంది ఒకేసారి అడుగుతుంటే ఆయన ఎవరి మాటని వినగలడు అనేది. దారిలో జనం లేని చిన్న గుడి కనబడితే మాత్రం చెప్పులు విడిచి లోపలికి నడిచేది. "ఈడ సామికి తీరిక ఉంటాది," అనేది. ఆ తీరిక ఉన్న స్వాముల దగ్గర ఆమె పెట్టిన విన్నపాలు ఎన్నో నాకు తెలియదు. వాటిలో ఒకటి నాది.

నాకు ముప్పై దాటిన కొత్తలో శూలగిరి దగ్గర మోటారుసైకిలు జారి పడ్డాను. వాన పడుతోంది, రోడ్డు మీదికి గేదె వచ్చింది, అంతే. కుడి తొడ ఎముక ఎన్ని ముక్కలయిందో డాక్టర్లు ఫోటో చూపించి చెప్పారు కానీ నేను చూడలేదు. బెంగళూరు ఆసుపత్రిలో ఇనుప కడ్డీ వేశారు. అది అతుక్కుంటుందని ఒకాయన, కర్ర లేకుండా నడవడం అనుమానమని ఇంకొకాయన అన్నారు. లేత్ మిషను ముందు రోజంతా నిలబడి పనిచేసేవాణ్ణి. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆ డాక్టరు మాట విన్నాక నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆ రోజుల్లోనే అత్త అంగడికి అనకాపల్లి నుంచి బెల్లం లారీ వచ్చింది. దించి, తిరుగు బాడుగకు చింతపండు ఎత్తుకుంటున్నారు. లారీ డ్రైవరు అత్త మొహం చూసి ఏమయిందని అడిగాడట. విషయం విని, మా ఊరి దగ్గర బొజ్జన్న కొండ అని ఒకటుందమ్మా, పెద్దగా ఎవరూ రారు, కొండ మీద ఆయన ఒక్కడే ఉంటాడు అని చెప్పాడట. అత్తకు అంతకంటే ఏం కావాలి? బొజ్జన్న అనగానే ఆమె కళ్ళ ముందు పెద్ద బొజ్జ, తొండం, పక్కన ఎలుక. పైగా జనం రాని కొండ. బోలెడంత తీరిక ఉన్న వినాయకుడు.

మరుసటి రోజు ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. గోడ వైపు ఉన్న నా మొహాన్ని గడ్డం పట్టి ఇటు తిప్పింది.

"బొజ్జన్న కొండమీద ఉండేటాయనకు మొక్కినాను. నీ కాళ్ళతో నువ్వు ఆ కొండ ఎక్కల్ల. ఎక్కిందాకా నేను కాఫీ ముట్టను," అంది.

కాఫీ అంటే మామూలు విషయం కాదు. తెల్లారకముందే గింజ వేయించి, చేతిమరలో ఆడించి, ఇత్తడి ఫిల్టరులో మరిగే నీళ్ళు పోసి, అది చుక్క చుక్కగా దిగేదాకా ఎవరితోనూ మాట్లాడని మనిషి. మామ పోయిన రోజున కూడా సాయంత్రం ఎవరో గ్లాసు చేతిలో పెడితే తాగి, అప్పుడు గాని ఏడవలేదని మా అమ్మ చెప్పేది. ఆ మనిషి కాఫీ మానేసింది. మానేసింది గానీ చేయడం మానలేదు. ఇంటికి ఎవరొచ్చినా తానే కలిపి ఇచ్చి, ఎదురుగా కూర్చుని వాళ్ళు తాగుతుంటే చూసేది, తాను శొంఠి నీళ్ళు తాగేది. మొదటి నెలంతా తలనొప్పితో నుదుటికి గుడ్డ కట్టుకుని అంగడిలో కూర్చుంది.

కాలు అతుక్కుంది. కర్రతో నడిచాను, కర్ర వదిలాను. కుడి కాలు కొంచెం పొట్టిదయింది, నడిస్తే ఆ వైపుకు ఒరుగుతాను. అంతకు మించి లోటు లేదు. కానీ అత్తకు మొక్కు ఇంకా తీరలేదు. ఒక ఏడు చింతకాయ విపరీతంగా కాసింది, కదలడానికి వీల్లేదు. తరువాత కరోనా. అది పోయాక అత్త కళ్ళకు ఆపరేషను. ఆ డ్రైవరు లారీ మానేసి ఎక్కడికో పోయాడు. ఇంట్లో కొత్తగా వచ్చినవాళ్ళు అత్త కాఫీ తాగదనే అనుకునేవాళ్ళు.

చివరికి ఒక మాఘ మాసంలో వెళ్దామని నిశ్చయించాం. దారి చూద్దామని నా భార్య ఫోనులో బొజ్జన్న కొండ వెతికింది. చూసి, వంటింట్లోంచి నన్ను సైగ చేసి పిలిచింది. తెరమీద రాతిలో చెక్కిన బుద్ధుడు పద్మాసనం వేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. బుద్ధుడి కొండ అనే మాట జనం నోళ్ళలో నలిగి నలిగి బొజ్జన్న కొండ అయిందని కింద రాసి ఉంది. తొండం లేదు, బొజ్జ లేదు, ఎలుకైతే అసలే లేదు.

ఇద్దరం చాలాసేపు గుసగుసలాడుకున్నాం. చెబితే అత్త ప్రయాణం మానుకుంటుంది, తప్పు స్వామికి మొక్కానని బెంగపడుతుంది. చెప్పకపోతే అక్కడికి వెళ్ళి, చూసి, ఈయన కాదు అంటుంది. ఏ దారిన పోయినా ఆమె ఇక జన్మలో కాఫీ తాగదు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నా కాలు బాగుపడి ఏళ్ళు గడిచినా ఆమె ఇంకా శొంఠి నీళ్ళు తాగుతూ ఉండడం నాకు భరించలేని విషయంగా ఉండేది. ముందు కొండ దాకా తీసుకుపోదాం, తర్వాత ఆయనే చూసుకుంటాడు అంది నా భార్య. ఆ ఆయన ఎవరని నేను అడగలేదు.

బెంగళూరులో రైలెక్కాం. అత్త తడిగుడ్డలో గరిక చుట్టుకుని తెచ్చుకుంది. వాడిపోతుందని గంట గంటకూ నీళ్ళు చిలకరించింది. డబ్బా నిండా నువ్వుల ఉండలు. ఎదుటి సీటులో విజయవాడ వాళ్ళు అత్త మాట విని, మీరు తమిళులు కదా, తెలుగు బాగానే మాట్లాడుతున్నారే అన్నారు. అత్త మొహం మాడ్చుకుంది. "మేమూ తెలుగోళ్ళమే. హోసూరు తెలుగోళ్ళము. మీ మాటే మాకు రోంత తిరగామరగా ఉండాది," అంది. వాళ్ళు నవ్వారు. ఆ తరువాత వాళ్ళకూ నువ్వుల ఉండలు అందాయి.

కొండ చుట్టూ చెరుకు తోటలు. పెద్ద ఎత్తేమీ కాదు, మెట్లు ఉన్నాయి. నేను ముందు ఎక్కాలని అత్త పట్టు. ఆమె మోకాళ్ళు అప్పటికే పాడయ్యాయి, నా భార్య భుజం పట్టుకుని వెనక వచ్చింది. నేను ఆగి చెయ్యి అందించబోతే వద్దంది. నాకు చెయ్యి అవసరం లేకుండా ఎక్కడం ఆమె చూడాలి కదా. మెట్ల పైన రాతిని తొలిచి చేసిన గుహ, వాకిలికి అటూ ఇటూ రాతి కాపలాదారులు, వాకిలి పైన రాతిలోనే ఆయన. గుహ లోపల చీకట్లో నడిమధ్యన గుండ్రటి స్తూపం. పైన కొండంతా బోర్లించిన గంపల్లాంటి రాతి స్తూపాలు. గాలికి చెరుకాకు చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

అత్త ఊపిరి తీసుకుని, కొంగు సర్దుకుని, తలెత్తి చూసింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. నేను, నా భార్య ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డాం.

"బొజ్జ యాడప్పా?" అంది. ఇంకాసేపు చూసి, "ఎవురూ రాకపోతే ఇట్లే చిక్కిపోతాడు," అంది.

అక్కడ కాపలా చూసే పెద్దమనిషి దగ్గరికి వచ్చాడు. అత్త చేతిలో గరిక చూసి అతనికి విషయం అర్థమయినట్టుంది. ఆయన బుద్ధుడమ్మా, మా తాతల నాటి నుంచీ బొజ్జన్న అనే పిలుచుకుంటాం అని మెల్లగా చెప్పాడు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టడం, పూలు పెట్టడం కుదరదని కూడా చెప్పాడు. అత్త నా వైపు తిరిగి నీకు తెలుసా అని అడిగింది. తెలుసత్తా అన్నాను. మరెందుకు చెప్పలేదంది. చెబితే నువ్వు రావని అన్నాను. ఆమె గుహ పక్కన రాతి అరుగు మీద కూర్చుని, మోకాళ్ళు చాపుకుని, గరికను ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కూర్చోవడం చాలాసేపు కూర్చుంది. దిగువన ఊళ్ళో వినాయకుడి గుడి ఉంటుంది, గరిక అక్కడ ఇచ్చేద్దాం అని నా భార్య అంటే విననట్టు ఉండిపోయింది. పని పాడయిందనే అనుకున్నాను. కొంతసేపటికి ఆమె కాపలా ఆయన్ను పిలిచింది. జనాలు వచ్చి ఈయన్ని ఏమడుగుతారప్పా అని విచారించింది. అతను, ఏమీ అడగరమ్మా, వస్తారు, కూర్చుంటారు, వెళ్ళిపోతారు అన్నాడు. అత్త ఆశ్చర్యపోయింది. ఇంతకాలం ఎవరూ ఏమీ అడగలేదా అని మళ్ళీ అడిగి రూఢి చేసుకుంది. తరువాత లేచింది.

"మొక్కిన దినం నేను ఏమన్నాను? కొండమీద ఉండేటాయన అన్నాను. ఉండేటాయన ఈయనే. నా మాట ఈయనకే చేరింది," అంది నాతో. "ఆయన పేరు నాకు తెలీలేదు. నా పేరు ఆయనకు తెలీదు. అయినా పని జరిగింది గదా."

ఆమె అంతటితో ఆగలేదు. నన్ను గుహ ముందుకు పిలిచింది.

"ఇట్ల పోయి అట్ల రా. ఆయన చూడనీ."

అప్పటికి ఇంకో కుటుంబం కూడా మెట్లెక్కి వచ్చి చూస్తోంది. ఇంత పెద్దవాణ్ణి, బుద్ధుడి ముందు అటు చివర నుంచి ఇటు చివరికి నడిచాను. ఇంకోసారి అంది. ఇంకోసారి నడిచాను. రిపేరుకు ఇచ్చిన మిషను తిరిగి తెచ్చి ఆడించి చూపినట్టు ఉంది నా సంగతి. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ రెండింటి మధ్య ఎప్పుడో ఏడుపు కూడా వచ్చింది. అత్త మాత్రం నన్ను చూడడం లేదు. తలెత్తి ఆయన్నే చూస్తోంది. "రోంత ఒరుగుతాడు. పర్వాలేదు లే," అని ఆయనకు నచ్చజెప్పింది.

నువ్వుల ఉండలు కాపలా ఆయనకు, ఆ కుటుంబానికి పంచింది. గరిక కొండ కింద మేస్తున్న ఆవు తినేసింది. అనకాపల్లిలో ఒక హోటలులో కూర్చున్నాం. ఏం కావాలని అడగకముందే అత్త కాఫీ చెప్పింది. గ్లాసు వచ్చింది, పైన నురగ, లోపల చక్కెర పాకం. గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని, ఊదకుండా, ఒక్కో గుటకా తాగింది. తాగి, పెదవులు తుడుచుకుని, బాగలేదంది. ఇంకోటి తెమ్మంది.

హోసూరు వచ్చాక ఈ కథ విని బంధువుల్లో ఒకాయన, మొక్కు వినాయకుడికి చెల్లలేదు, మళ్ళీ చెల్లించాలి అని వాదించాడు. అత్త ఆయనకు స్వయంగా కాఫీ కలిపి ఇచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుని తాగింది. అదే ఆమె జవాబు. ఆ తర్వాత దేవుడి గదిలో ఆమె మాటల్లో మార్పు వచ్చిందని బావ అంటుండేవాడు. నిలదీయడం తగ్గింది. కొన్ని రోజులు దీపం పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని లేచి వచ్చేదట. ఏమత్తా, దేవుడితో పలకడం లేదా అని నేను ఆటపట్టిస్తే, ఆయన కొండమీద అంత కాలం ఊరికే కూర్చున్నాడు, నేను రోంత సేపు కూర్చోలేనా అనేది.

పోవడానికి ఓ నెల ముందు ఆమెకు ఆయాసం ఎక్కువయి ఆసుపత్రిలో చేర్చాం. ఆ గొట్టాలూ, మిషన్లూ చూసి నాకు భయమేసింది. ఆమె చెవి దగ్గరికి వంగి, బొజ్జన్నకు నేను మొక్కుకుంటానత్తా అన్నాను. ఏదో ఒకటి మానేస్తాను, నువ్వు బాగయి రా, మళ్ళీ ఇద్దరం కొండెక్కుదాం అన్నాను. ఆమె నా చెయ్యి తట్టింది. ఆ నల్లని వేళ్ళు అప్పటికి తెల్లబడి, మెత్తగా ఉన్నాయి.

"వద్దప్పా. ఆయన్ని అడిగింది ఇన్నేండ్లకు నేనొక్కదాన్నే. ఒక్కసారి అడిగినాను, ఇచ్చినాడు. చాలు, కూచోనీ ఆయన్ని," అంది.

ఇంటికి తీసుకొచ్చాం. రెండు వారాలు బాగానే ఉంది. అంగడి వైపు కిటికీ తెరిపించుకుని బజారు మాటలు వింటూ పడుకునేది. వచ్చినవాళ్ళకు కాఫీ ఇమ్మని లోపలికి కేకేసేది. ఆ పొద్దున తాగిన కాఫీ బాగుందో లేదో చెప్పకుండానే పడుకుందని బావ భార్య ఇప్పటికీ బాధపడుతుంది.

శ్మశానానికి తీసుకుపోవడానికి బావ మున్సిపాలిటీ బండి మాట్లాడాడు. ఈ కాలంలో ఎవరు మోస్తారు, ట్రాఫిక్కు, ఎండ, పైగా నీ కాలు అని అన్నాడు. మోద్దాం అన్నాను. నలుగురం దొరికాం. బావ నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. నేను తల వైపు, కుడి పక్క భుజం పట్టాను. బజారు దాటేసరికి ఎవరో వచ్చి భుజం మార్చుకోమన్నారు. అక్కర్లేదన్నాను. రింగురోడ్డు దగ్గర ఇంకెవరో నిదానం, నిదానం అన్నారు. నిదానంగానే ఉన్నాను. ఆమె ఏమంత బరువు లేదు. నా కుడి కాలు పడినప్పుడల్లా పాడె నా వైపు కొద్దిగా ఒరుగుతోంది. అది ఒరిగినప్పుడల్లా నా చెవి పక్కన, పూలదండల నడుమ, ఆమె తల మెల్లగా కదులుతోంది, పర్వాలేదు లే, పర్వాలేదు లే అన్నట్టు.